పసుపు జిరాఫీ, ఏడో నంబరు

అయినా హాబీ అనే మాట మూడుసార్ల కంటే ఎక్కువ అనొద్దని అమ్మాయి ఎందుకు చెప్పినట్టు, నాలుగోసారి అంటే జనం లేచిపోతారా, తను రాసిచ్చిన ఉపన్యాసం కాగితం మీద ఎర్ర సిరాతో గుర్తులు కూడా పెట్టింది, అమ్మా, ఇక్కడ ఆగు, ఇక్కడ చిన్నగా నవ్వు, ఇక్కడ నీళ్ళు తాగు, అని, నేను నీళ్ళెప్పుడు తాగాలో నా కడుపున పుట్టింది నాకు చెప్పే రోజులొచ్చాయి, సరే, ఆగడమూ తాగడమూ చేతనైనా ఆ నవ్వడం మాత్రం నా వల్ల కాదు, నిన్న అద్దం ముందు నవ్వి చూసుకుంటే పంటి నొప్పితో ఉన్నదానిలా ఉన్నాను, మా ఆయన గుమ్మంలోంచి చూసి, ఆ నవ్వు నవ్వావంటే ముందు వరస ఖాళీ అయిపోతుందే, అన్నాడు, ఆయనకేం, ఇళ్ళల్లో కరెంటు వైర్లు బిగించే మనిషి, తీగె తగిలితే షాకు కొడుతుంది, తగలకపోతే కొట్టదు, ఆయన లోకంలో అన్నీ అంత తేటగా ఉంటాయి, నేను మాత్రం మూడింటికి రిటైరైనవాళ్ళ క్లబ్బులో నిలబడి, ఉద్యోగం పోయాక బొమ్మలు పోగుచేసుకోవడం నా జీవితానికి ఎలా దారి చూపించిందో ఇరవై నిమిషాలు చెప్పాలి, దారట, అసలు నేను సరైన బస్సు ఎక్కానా, ఎక్కాను, కండక్టరు చెప్పాడు కదా, ఇంకా ఏడు స్టాపులు, కాగితం సంచిలో ఉంది, కళ్ళజోడు ఉంది, చూపించడానికి తెచ్చిన తగరపు కప్ప ఉంది, దాని కింద గుడ్డలో చుట్టిన కొత్త కుందేలు ఉంది, ఆ కుందేలెందుకని ఎవరైనా అడిగితే, ఎవరడుగుతారు, నా సంచిలో ఎప్పుడూ ఒక కొత్త బొమ్మ ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకుంటుందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ సభలోకి నన్ను లాగింది తపాలా ఆయన, ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరై ఇప్పుడు బొమ్మ రైళ్ళు పోగుచేస్తున్నాడు, పాత సామాన్ల షాపులో ఒక ఇంజను కోసం ఆయనా, బుట్టెడు గుడ్డ బొమ్మల కోసం నేనూ ఒకేసారి వంగి తలలు ఢీ కొట్టుకున్నాం, అదీ పరిచయం, పోయిన నెల మా ఇంటికొచ్చి ముందు గదిలో అరలన్నీ చూశాడు, మా ఆయన చేసిపెట్టిన అరలు, ప్రతి అరకీ చిన్న బల్బు, తగరపు బొమ్మలు, చెక్క బళ్ళు, గుడ్డ కుక్కలు, మూడు వందల పైమాటే, బాగున్నాయండీ బాగున్నాయండీ అంటూనే ఆయన వంగి అడుగు అరకి కట్టిన తెర పక్కకి లాగాడు, అది వద్దండీ అనేలోపే లాగేశాడు, లోపల నలభై మూడు పసుపు జిరాఫీలు మూడు వరసల్లో, సగానికి కళ్ళు లేవు, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కదాని తోక కింద చీటీ చూసి, అబ్బో, ఒకే రకం, ఒకే లాటు, ఒకే చెకింగ్ నంబరు, కళ్ళు పోయినా వదల్లేదంటే, అక్కయ్యగారూ, కలెక్టరంటే మీరు, మేమంతా చెత్త పోగేసుకునేవాళ్ళం, అన్నాడు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు పసుపు రంగంటే ఇష్టమండీ, అని నేను తడబడుతూ అన్నాను, ఎవరైనా అడిగారా నన్ను, అంతే, అప్పట్నుంచి అల్లుడు పసుపు గొడుగు కొనిచ్చాడు, మా ఆయన పసుపు చెప్పులు తెచ్చాడు, అబద్ధం ఒకటి ఆడితే ఇల్లంతా ఆ రంగు పూసుకోవాలని ఎవరికి తెలుసు, ఆ చెప్పులే వేసుకుని వెళ్తున్నాను సభకి.

బస్సు ఆగింది, ఇంకా ఆరు, ఒకావిడ ఎక్కింది, పాతికేళ్ళుంటాయి, చేతి మీద మడతపెట్టిన తెల్ల కోటు, మెడలో లాబ్ వాళ్ళ గుర్తింపు కార్డు, చంకలో ఏడాదిన్నర పిల్ల, ఎవరో లేచి సీటిచ్చారు, నాకు రెండు సీట్ల ముందు కూర్చుంది, పిల్ల తల్లి భుజం మీదుగా వెనక్కి చూస్తోంది, ముద్దుగా ఉంది, కింద రెండు పళ్ళు, పైన నాలుగు, మా మనవరాలికీ ఇలాగే, కాదు, ఏమిటది, పిల్ల పిడికిట్లో, పసుపుది, మెడ, గోధుమరంగు చుక్కలు, కాదులే, పసుపు జిరాఫీలు లోకంలో ఎన్ని లేవు, చైనావి ఉంటాయి, మొన్న సంతలో చూసినదానికి చుక్కలు గుండ్రంగా ఉన్నాయి, మావి గుండ్రంగా ఉండవు, మా ఫ్యాక్టరీలో కత్తిరించే ఆయన చుక్కల్ని నాలుగు మూలలుగా కోసేవాడు, గుండ్రం కోస్తే గుడ్డ దండగని, ఇవి నాలుగు మూలలు, పిల్ల జిరాఫీ తలని నోటికి తీసుకుంది, కుడి కన్ను, కుడి కన్నే, చిగుళ్ళ మధ్య పెట్టి నములుతోంది, లేవాలి, లేచి ఏమనాలి, కాళ్ళు రావడం లేదు.

పంతొమ్మిదేళ్ళు నిలబడ్డ కాళ్ళివి, గుడ్డ బొమ్మల ఫ్యాక్టరీలో చివరి బల్ల నాది, కుట్టేవాళ్ళు కుట్టి, దూది కూరేవాళ్ళు కూరి, కళ్ళు బిగించేవాళ్ళు బిగించాక నా దగ్గరికి వస్తాయి, ప్రతి పెట్టెలోంచి ఆరు తీసి, ఒక్కోదాని కన్నుని చిన్న పట్టకారుతో పట్టి, దానికి తొమ్మిది కిలోల ఇనప గుండు వేలాడదీసి పది అంకెలు లెక్కపెట్టాలి, పదిలోపు కన్ను ఊడితే పెట్టె మొత్తం వెనక్కి, ఊడకపోతే పాస్, తోక కింద చీటీ మీద నా నంబరు ముద్ర, ఏడు, నేను అంకెలు పైకే అనేదాన్ని, ఒకటీ, రెండూ, మూడూ, అని రాగం తీస్తూ, అందుకని అందరూ పదక్క అనేవాళ్ళు, మేనేజరు కూడా ఒకసారి నోరుజారి పదక్కగారూ అన్నాడు, కళ్ళు బిగించే అమ్మాయిలు నా అంకెలు వింటూ ఊపిరి బిగబట్టేవాళ్ళు, పదక్క ఏడు దాటిందంటే ఇక నవ్వులే, అంత పేరు నాకు, అలాంటిదాన్ని ఒక శుక్రవారం ఐదుంబావుకి ఏం చేశాను, కంపెనీ బస్సు ఐదున్నరకి కదులుతుంది, ముందు ఎక్కినవాళ్ళకే సీటు, మిగతావాళ్ళు గంటసేపు నిలబడాలి, మోకాలు వాచి ఉంది, ఆఖర్న ఐదు పెట్టెలు వచ్చాయి, పెట్టెకి ఇరవై నాలుగు, ఒక లాటు మొత్తం, నూట ఇరవై పసుపు జిరాఫీలు, మొదటిదానికి గుండు తగిలించి నాలుగు లెక్కపెట్టాను, నాలుగే, కన్ను ఊడలేదు, చాల్లే అనుకున్నాను, మిగతావాటికి గుండే పెట్టలేదు, ముద్ర మాత్రం నూట ఇరవైకీ కొట్టాను, పరుగెత్తాను, సీటు దొరికింది, ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు, ఎవరూ చావుబతుకుల్లో లేరు, చెప్పుకోవడానికి ఒక మంచి కారణం కూడా లేదు, కూర్చోవడానికి సీటు కావాలి, అంతే.

ఐదు స్టాపులు, పిల్ల ఇంకా నములుతూనే ఉంది, తల్లి ఫోనులో ఏదో చూస్తోంది, ఫోను చూడకు తల్లీ, పిల్లని చూడు, మా అమ్మాయి కూడా ఆ రోజు వంటింట్లో ఉంది, నేనే మనవరాలిని ఆడిస్తున్నాను, పదకొండు నెలల పిల్ల, నేను తెచ్చిన జిరాఫీతోనే ఆడుతోంది, పనివాళ్ళకి సగం ధరకిస్తే ఆ లాటులోంచే ఒకటి తెచ్చాను, నాకేం తెలుసు, పిల్ల నోట్లో టిక్కుమంది, ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది, కన్ను పంటికి తగిలిన చప్పుడు, చూపుడు వేలు లోపలికి పోనిచ్చి కొక్కెంలా లాగాను, నల్లటి కన్ను చొంగతో నా అరచేతిలో పడింది, పిల్ల ఏడ్చింది, ఏమైందమ్మా అని అమ్మాయి వచ్చింది, ఏం లేదే, బిస్కెట్టు ముక్క అడ్డం పడింది, అన్నాను, కన్ను నా పిడికిట్లోనే ఉంది, ఆ రాత్రంతా కాదు, ఆ వారమంతా పిడికిలి విప్పడానికి భయమేసింది, అప్పటికి ఫ్యాక్టరీ మూసేసి రెండు నెలలైంది, వెళ్తే గేటుకి తాళం, వాచ్‌మన్ చెప్పాడు, ఓనరు ఊళ్ళోనే లేడక్కా, ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో, అని, ఎవరికీ చెప్పుకోనక్కర్లేదని తెలిసి నాకు ఏమనిపించిందో నాకు గుర్తుంది, హాయిగా అనిపించింది, దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకోవచ్చు కదా, హాయిగా అనిపించినందుకు నామీద నాకే అసహ్యం వేసింది, రెండూ నిజమే.

ఫ్యాక్టరీ పోయాక అసలు నేను మనిషిగా లేను, పదింటిదాకా గోడవైపు తిరిగి పడుకునేదాన్ని, చేతులకి పని లేక చీర అంచు దారాలు లాగేదాన్ని, మా ఆయన పనికి వెళ్తూ, ఇవాళ ఏం చేస్తావే, అని అడిగితే ఏడుపొచ్చేది, అప్పుడు పాత సామాన్ల షాపు కిటికీలో ఒక పసుపు మెడ కనపడింది, కాళ్ళు వాటంతటవే లోపలికి వెళ్ళాయి, తోక తిరగేస్తే ఏడు, ఆ లాటే, కొని ఇంటికి తెచ్చి, ఆయన లేనప్పుడు స్నానాలగదిలో కొక్కేనికి తగిలించి, కంటికి పట్టకారు వేసి తొమ్మిది లీటర్ల నీళ్ళ బకెట్టు వేలాడదీశాను, ఆరో అంకెకి ఊడింది, బకెట్టు నా కాలి మీద పడింది, ఏడుస్తూ కుంటుతూ ఎంత సంతోషపడ్డానో, ఒకటి తగ్గింది, ఒక పిల్లకి తప్పింది, మర్నాడు ఆరింటికే లేచాను, అప్పట్నుంచి సంతలు, స్కూళ్ళలో పాత సామాన్ల అమ్మకాలు, ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ గుమ్మాలు, నడిచి నడిచి మోకాలి వాపు తగ్గింది, జిరాఫీలే కొంటే అనుమానం వస్తుందని కప్పలూ కుక్కలూ కొన్నాను, కొనగా కొనగా వాటి మీదా మోజు పుట్టింది, అదీ నిజమే, తగరపు కప్ప కడుపులో ఏ స్ప్రింగు ఉందో, గుడ్డ కుక్కకి మూతి ఎవరు కుట్టారో, ఎంత పనితనం, నేను నవ్వడం మొదలుపెట్టాను, జనం నన్ను బొమ్మలావిడ అన్నారు, ఎవరూ పదక్క అనలేదు, నలభై మూడు దొరికాయి, అందులో పంతొమ్మిదింటి కళ్ళు ఊడాయి, ఆ కళ్ళన్నీ ఒక బొత్తాల డబ్బాలో, అమ్మాయి రాసిన కాగితంలో మొదటి వాక్యం ఏమిటి, నేను ఏమీ కానప్పుడు బొమ్మలు నన్ను మళ్ళీ మనిషిని చేశాయి, అబద్ధమేం కాదది, అందుకే చదవడానికి నోరు రావడం లేదు.

నాలుగు స్టాపులు, లేచాను, లేచి వెళ్ళి వాళ్ళ వెనక సీటు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను, పిల్ల నన్ను చూసి జిరాఫీని నా వైపు చాచింది, ఇస్తావా బంగారూ, అని తీసుకున్నాను, తోక కింద చీటీ, ఉతికి ఉతికి వెలిసిపోయింది, ఏడు, లాటు నూట పన్నెండు, నలభై నాలుగోది, అబ్బ, ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, ఛీ, సంతోషం, దొరికిందనే సంతోషం, తర్వాతే భయం వచ్చింది, కుడి కన్ను వేలితో కదిపితే కదులుతోంది, చుట్టూ దూది తడిసి ఉంది, సరే, ఎప్పుడూ చేసేదే చేద్దాం, గుడ్డ విప్పి కుందేలు తీశాను, చెవులు ఊపాను, ఇది నీకు, అది నాకు, అన్నాను, ఇప్పటికి పదకొండు మంది పిల్లల దగ్గర ఇలాగే మార్చుకున్నాను, ఒక్కరూ కాదనలేదు, ఈ పిల్ల కుందేల్ని చూసింది, తీసుకుంది, కింద పడేసింది, జిరాఫీ కోసం చేతులు చాచి గొంతెత్తి ఏడ్చింది, బస్సంతా తిరిగి చూసింది, తల్లి ఫోను పక్కన పెట్టి, అయ్యో ఆంటీ, అది లేకపోతే దీనికి నిద్ర పట్టదు, మా అక్క కూతురిది, ఇది పుట్టినప్పట్నుంచీ దాంతోనే, ఇచ్చేయండి, అని నా చేతిలోంచి తీసుకుని పిల్లకిచ్చింది, కుందేలు కూడా ఎత్తి దులిపి నా చేతిలో పెట్టింది, మర్యాదగానే, నేను నవ్వాను, కాగితంలో రాసిన చోట నవ్వినట్టు.

అది కాదమ్మా, నేను పాత బొమ్మలు పోగుచేస్తుంటాను, ఇలాంటిది నా దగ్గర లేదు, అన్నాను, నలభై మూడుండగా, ఆవిడ నవ్వి, మంచి హాబీ ఆంటీ, కానీ ఇది మాత్రం కుదరదు, అంది, పిల్ల కన్నుని మళ్ళీ నోట్లో పెట్టుకుంది, అది పాతదమ్మా, మురికిగా ఉంటుంది, నోట్లో పెట్టుకోనివ్వకు, అన్నాను, వారానికోసారి వేడినీళ్ళలో ఉతుకుతాను ఆంటీ, నేను లాబ్‌లో పని చేస్తాను, క్రిముల సంగతి నాకు తెలుసు, అంది, కొంచెం చిరాకు, సహజమే, బస్సులో ఎవరో ముసలిది పిల్ల బొమ్మ లాక్కుని నీతులు చెబుతోంది, ఈ గొడవలో మిగతా స్టాపులు ఎప్పుడు దాటాయో, బస్సు ఆగింది, రిటైరైనవాళ్ళ క్లబ్బు, దిగేవాళ్ళు దిగండి, అన్నాడు కండక్టరు, అది నా స్టాపు, తలుపు దగ్గరికి రెండడుగులు వేశాను, టైము రెండు నలభై, తపాలా ఆయన గేటు దగ్గర నిలబడి ఉంటాడు, వెళ్ళిపోవచ్చు, ఇన్నాళ్ళూ ఏం కాలేదు, ఇవాళే అవుతుందా, కానీ ఆ కన్ను కదులుతోంది, నా వేలికి తెలిసింది, పంతొమ్మిదేళ్ళ వేలు, అది ఇంకో రెండు రోజులో మూడు రోజులో, తలుపు మూసుకుంది, నేను లోపలే ఉన్నాను.

తర్వాతి స్టాపులో ఆవిడ దిగింది, నేనూ దిగాను, ఆవిడ వేగంగా నడుస్తోంది, పసుపు చెప్పులు టపటపమంటూ నేను వెనకాల, ఒక మందుల షాపు దగ్గర ఆవిడ గిరుక్కున తిరిగి పిల్లని గట్టిగా పట్టుకుని, ఏంటండీ, ఎందుకు నా వెంట పడుతున్నారు, అంది, ఆంటీ పోయింది, అండీ వచ్చింది, రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవడమా, చెప్పెయ్, చెప్పెయ్ పదక్కా, ఆ బొమ్మ కన్ను ఊడుతుందమ్మా, అన్నాను, పిల్ల గొంతులో ఇరుక్కుంటుంది, నాకెలా తెలుసంటే, తోక కింద ఏడు అని ఉంటుంది చూడు, ఆ ఏడు నేనే, కళ్ళు గట్టిగా ఉన్నాయో లేవో చూడ్డమే నా ఉద్యోగం, ఆ రోజు చూడలేదు, చూడకుండా ముద్ర కొట్టేశాను, ఎందుకు చూడలేదని అడగకు, బస్సులో సీటు కోసం, మా మనవరాలి నోట్లోంచి ఒక కన్ను నేనే తీశాను, అన్నీ ఒక్క ఊపిరిలో అనేశాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఆవిడ చీటీ చూసింది, నన్ను చూసింది, బొటనవేలూ చూపుడువేలూ పెట్టి కన్నుని లాగింది, రాలేదు, గట్టిగానే ఉంది కదండీ, అంది, మొహంలో నేనొక పిచ్చిదాన్నని రాసి ఉంది, నిజంగానే పిచ్చిదాన్నేమో, వదిలేస్తే బాగుండు, లేదమ్మా, అలా ఒక్కసారి లాగితే రాదు, పట్టుకుని లాగుతూనే ఉండాలి, పిల్లలు రోజంతా లాగుతారు, అన్నాను, ఆవిడ నన్ను తిట్టడానికి నోరు తెరిచి, వేళ్ళు తీయకుండానే, మీకు అసలు బుద్ధి, అంటుండగా చిన్న చప్పుడైంది, కన్ను ఆవిడ వేళ్ళ మధ్య ఉంది, జిరాఫీ మొహంలో చిన్న చిల్లు, దాంట్లోంచి దూది.

పిల్ల జిరాఫీ కోసం చేతులు చాస్తుంటే ఆవిడ బొమ్మని కోటు మడతలోకి తోసి, తన చేతి గాజు తీసి పిల్ల వేళ్ళ మధ్య పెట్టి ఆడుకోనిచ్చింది, తర్వాత మెల్లగా అడిగింది, ఇలాంటివి ఎన్నున్నాయండీ, నూట ఇరవై అన్నాను, దీంతో కలిపి నలభై నాలుగు దొరికాయి, నాలుగేళ్ళ నుంచి ఒక్కొక్కటే వెతుకుతున్నాను తల్లీ, ఒక్క రోజు కూడా మానలేదు, అన్నాను, మెచ్చుకుంటుందనుకున్నానా, ఎక్కడో అనుకునే ఉంటాను, ఆవిడ మొహం ఇంకా బిగుసుకుంది, వెతుకుతున్నారా, ఎవరికైనా చెప్పారా, అంది, లేదు, మా ఆయనక్కూడా, అన్నాను, మా లాబ్‌లో ఒక్క రిపోర్టు తప్పు వెళ్ళిందని తెలిస్తే ఆ పూట రక్తం ఇచ్చిన అందరికీ గంటలో ఫోన్లు చేస్తామండీ, తప్పైందీ రండీ అని, సిగ్గుగానే ఉంటుంది, తిడతారు, అంతేగానీ ఒక్కొక్కరింటికీ వెళ్ళి కాగితం మార్చుకుని రాము, నాలుగేళ్ళు, మా అక్క కూతురు దీంతోనే పెరిగిందండీ, ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా, అంది, అరవలేదు, అరిచినా బాగుండేది, కన్నుని నా చేతిలో పెట్టి, జిరాఫీని కూడా పెట్టి, తీసుకెళ్ళండి, అని పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది, పిల్ల భుజం మీదుగా నా చేతిలో ఉన్నదాని కోసం ఏడుస్తూనే ఉంది, మలుపు తిరిగాక కూడా వినపడింది.

ఒక్క మాట, ఎవరికి చెప్పను, ఫ్యాక్టరీ మూసేశారు, ఓనరు లేడు, అని ఎన్నిసార్లు అనుకున్నానో, ఇప్పుడు మందుల షాపు మెట్టు మీద కూలబడి అదే అనుకోబోతే అది నోట్లోనే ఆగిపోయింది, ఎందుకంటే పాత సామాన్ల షాపాయన మాట గుర్తొచ్చింది, గుర్తు రాకుండా ఉండాల్సింది, ఈ ఏడాది మొదట్లోనే, నేను వరసగా మూడు వారాలు ఉత్త చేతుల్తో వెళ్తుంటే జాలిపడి, ఏమండీ, ఈ పసుపు జిరాఫీలు కావాలని అద్దం మీద ఒక చీటీ అంటించనా, నాకు తెలిసిన షాపులన్నిట్లో అంటిస్తాను, వారంలో పది వస్తాయి, అన్నాడు, నేనేమన్నాను, వద్దండీ, వెతుక్కుంటేనే మజా, అన్నాను, నవ్వుతూ అన్నాను, ఆ నవ్వు అద్దం ముందు నవ్వినట్టు లేదు, నిజం నవ్వే, ఆ రోజు దారిలో ఎంత హుషారుగా నడిచానో కూడా గుర్తుంది, సిగ్గుకి భయపడి చెప్పలేదని నన్ను నేను ఓదార్చుకునేదాన్ని, సిగ్గు ఒక్కటే కాదు, అవన్నీ ఒకేసారి వచ్చేస్తే మర్నాడు ఆరింటికి నేనెందుకు లేవాలి, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకోవాలి కదా, అందుకని దాచుకుని దాచుకుని తిన్నాను, నాకు పొద్దు పోవాలని పిల్లల నోళ్ళలో వాటిని ఉండనిచ్చాను, అమ్మో, ఎంత మాట, కానీ అదే, ఇంకోలా తిప్పి చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు, నేను ఒక్కదాన్నే వెతుకుతున్నన్నాళ్ళూ అవి పిల్లల దగ్గరే ఉంటాయి.

ఫోను మోగుతోంది, ఎంతసేపట్నుంచో, తపాలా ఆయన, అక్కయ్యగారూ, ఎక్కడున్నారు, మూడూ ఐదైంది, అరవై మంది వచ్చారండీ, కుర్చీలు చాలక బయట్నుంచి తెప్పించాం, అందరూ మీ బొమ్మల కోసమే, అన్నాడు, అరవై మంది, అందరూ అమ్మమ్మలూ తాతయ్యలూ నాన్నమ్మలే, ప్రతి ఇంట్లో మంచం కింద ఒక బొమ్మల బుట్ట, మనవలు వచ్చినప్పుడు బయటికి లాగేది, ఆ బుట్టల అడుగున పసుపువి ఎన్నున్నాయో, ఒక్కరింట్లో ఉన్నా, ఆ అరవై మందీ ఇంకో పది మందికి చెప్పినా, తపాలా ఆయన ముప్పై ఏళ్ళు ఎక్కిన గుమ్మాలన్నీ ఆయనకి తెలుసు, షాపాయన అద్దాలున్నాయి, మా ఆయనకి ఈ సాయంత్రమే తెలుస్తుంది, ఏమంటాడో, అమ్మాయి ముందు వరసలోనే కూర్చుని ఉంటుంది కాగితం కంఠతా పట్టి, ఎక్కడ నవ్వాలో ఎదురుచూస్తూ, ఆ రోజు తన పిల్ల నోట్లో ఏముందో ఇవాళ వింటుంది, బిస్కెట్టు ముక్క కాదని, లేచాను, ఒక్క స్టాపే కదా, నడిచి వెళ్ళొచ్చు, జిరాఫీని సంచిలో పెట్టలేదు, చేత్తోనే పట్టుకున్నాను, కన్ను ఇంకో చేతిలో, హలో, హలో, వినపడుతోందా అక్కయ్యగారూ, అంటున్నాడు ఆయన, వినపడుతోందండీ, వస్తున్నాను, పది నిమిషాల్లో అక్కడుంటాను, ఎవర్నీ వెళ్ళనివ్వకండి, మైకు ఉందా, లేకపోతే ఎక్కడ్నుంచైనా తెప్పించండి, నేను చెప్పేది ఆఖరి వరసక్కూడా వినపడాలి.